పడ్డ బండిని లేపకముందు చావి బంద్ చెయ్యుండ్రి

కోతలు మొదలైనయంటే హాలియా, మిర్యాలగూడ దిక్కు రోడ్లల్ల సగం వడ్లే ఉంటయి. రాత్రి నల్ల పట్టా కప్పి చుట్టు రాళ్లు పెడతరు. లైటు మీద పడేదాక కుప్ప ఉన్నట్టే తెల్వది. గింజల మీద బ్రేకు కొడితే టైరుకు పట్టు దొరకది. బైకులు కుప్పలకు గుద్దుకున్న వార్తలు ప్రతి సీజన్ల జిల్లా పేజీల వస్తనే ఉన్నయి. హెల్మెట్, స్పీడు సంగతి అందరికీ ఎరుకే. మనిషిని పక్కకు జరిపి 108కు ఫోన్ చేసుడు కూడా ఎరుకే. కానీ పడ్డ బండి దగ్గర చానామంది ఒకటే తప్పు చేస్తరు. చావి ఆన్‌ల ఉండంగనే బండిని లేపి సెల్ఫ్ కొడతరు.

లోపల ఏముంటది

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే రూలు) బండ్లల్ల చాలావరకు పెట్రోలు, గాలిని కలిపే పాత కార్బురేటర్ లేదు, పెట్రోలును చిమ్మే ఇంజెక్షనే. ట్యాంకుల ఉన్న పంపు పెట్రోలును దాదాపు 3 బార్ల ప్రెషర్‌తో తోస్తది. పైపు తెగితే పెట్రోలు కారుడు కాదు, చిమ్ముడే. అందుకే బండి ఒరగంగనే పంపును, ఇంజెక్టర్‌ను, స్పార్కును ఆపెటందుకు ఒక చిన్న సెన్సార్ పెట్టిండ్రు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌ల రోల్ ఓవర్ సెన్సార్, హోండాల బ్యాంక్ యాంగిల్ సెన్సార్, యమహాల లీన్ యాంగిల్ కటాఫ్ స్విచ్ అంటరు. పని ఒకటే.

కొన్నిట్ల అయస్కాంతం ఉన్న చిన్న లోలకం ఉంటది, కొన్నిట్ల చిప్పు. చాలా బండ్లల్ల 60, 65 డిగ్రీలు దాటి ఒరిగి, ఒక లిప్త అట్లనే ఉంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) ఇంజిన్‌ను ఆపుతది. మరి మూలమలుపు కాడ బండిని వంచితే ఎందుకు ఆగది? నీళ్ల బకెట్‌ను గుండ్రంగ తిప్పితే నీళ్లు అడుగుకే అంటుకోని ఉంటయి కదా, అట్లనే. మలుపు బలం, బరువు కలిసి బండి అడుగు దిక్కే లాగుతయి, సెన్సార్‌కు బండి నిటారుగ ఉన్నట్టే అనిపిస్తది.

చావి ఎందుకు బంద్ చెయ్యాలె

రెండు కారణాలున్నయి. ఒకటి, సెన్సార్ పని చేసిందని నమ్మకం లేదు. పెద్ద లెగ్ గార్డు ఉన్న బండి పూర్తిగ పండుకోదు. పొలం గట్టుకో, కుప్పకో ఆనుకుంటే 45 డిగ్రీల కాడనే ఆగిపోతది. సెన్సార్ లెక్కల అది పడ్డట్టే కాదు. ఇంజిన్ నడుస్తనే ఉంటది, గేర్ల ఉంటే ఎనక చక్రం తిరుగుతనే ఉంటది. అట్లాంటి బండిని లేపబోయి రేజ్ పట్టుకుంటే ముందుకు దునుకుతది, చెయ్యి చైను దిక్కు పోతే వేళ్లు పోతయి.

రెండోది, సెన్సార్ పనిచేసి ఇంజిన్ ఆగితే, చాలా బండ్లల్ల నిలబెట్టినంత మాత్రాన ఇంజిన్‌కు పడ్డ లాక్ పోదు. ఈసీయూకు కరెంటు ఆగితేనే పోతది. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) అటిటు తిప్పితే అన్ని బండ్లల్ల సరిపోదు, చావే తిప్పాలె. అది చెయ్యకుండ సెల్ఫ్ కొడితే మోటరు తిరుగుతది, పెట్రోలు రాదు, స్పార్కు రాదు. కిక్కు కొట్టినా అంతే. 125 సీసీ బండ్ల బ్యాటరీ చిన్నది, సెల్ఫ్ కొట్టి కొట్టి దాన్ని చంపుతరు. బ్యాటరీ చచ్చిన ఇంజెక్షన్ బండిని తోసినా పంపు సరిగ్గ తిరగది. చావి ఒక్కసారి తిప్పితే పోయే పనికి బండి షెడ్డుకు చేరుతది.

వరుస ఇది

కిల్ స్విచ్ ఆఫ్, చావి ఆఫ్. తర్వాతనే లేపుండ్రి. సైడ్ స్టాండ్ వేసి న్యూట్రల్ చెయ్యుండ్రి. పెట్రోలు వాసన చూడుండ్రి, ట్యాంకు కింద తడి ఉంటే అక్కడనే ఆపుండ్రి. రేజ్ తిప్పి వదిలితే టక్కున ఎనకకు రావాలె. పది సెకండ్లు ఆగి కిల్ స్విచ్ ఆన్, చావి ఆన్. పంపు రెండు మూడు సెకండ్లు గుయ్‌మని ఆగితే లాక్ పోయినట్టే. అప్పుడు సెల్ఫ్, ఐదు సెకండ్లు మించొద్దు. మొదట కొంచెం పొగ వస్తది, ఒరిగినప్పుడు ఆయిల్ ఎయిర్ బాక్స్‌లకు (గాలి ఫిల్టర్ డబ్బా) పోతది కాబట్టి. రెండు నిమిషాలల్ల తగ్గకుంటే ఇంజిన్ బంద్ చేసి ఆయిల్ మట్టం చూడుండ్రి.

పంపు చప్పుడే లేకుంటే మళ్ల చావి బంద్. ముందు ఫ్యూజు, బ్యాటరీ, సైడ్ స్టాండ్ స్విచ్, సెన్సార్ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) చూడాలె.

ఇగ గుర్తు పెట్టుకునేటివి

సెన్సార్‌ను పీకేసి వైర్లు కలిపిచ్చుకోవద్దు. "దాంతోనే లొల్లి, తీసేద్దాం" అనే మెకానిక్ దగ్గర చావి ఇయ్యొద్దు. మళ్ల పడ్డనాడు పైపు తెగితే పెట్రోలు చిమ్ముతనే ఉంటది, పక్కనే సైలెన్సర్ కాలుతుంటది.

సెన్సార్‌ను బిగియ్యకుండ టేపు చుట్టి సీటు కింద వదిలేసుడు ఇంకా పాడు. గుంతల ఎగిరినప్పుడు సెన్సార్ ఒరుగుతది, 65వ నంబర్ హైవే మీద ఎనక లారీ ఉండంగ ఇంజిన్ ఆగుతది.

సెన్సార్ మీద బాణం గుర్తుంటే అది పైకే ఉండాలె. తలకిందులు బిగిస్తే బండి స్టార్టే కాదు. దాన్ని బిగించే రబ్బరు బుష్షులు పారెయ్యొద్దు.

కొన్ని బండ్లల్ల సెన్సార్ ఈసీయూ లోపలనే ఉంటది. ఏడున్నదో మాన్యువల్‌ల చూసుకోండ్రి.

వాటర్ సర్వీసింగ్‌ల ప్రెషర్ గన్ను సీటు కింద కొట్టనియ్యొద్దు. కప్లర్‌ల నీళ్లు దిగితే పిన్నులకు చిలుము పట్టి బండి నడుస్తుండంగనే ఆగుతది.

ఇంజిన్ నడుస్తుండంగ బండిని వంచి సెన్సార్‌ను పరీక్షించొద్దు.

పాత కార్బురేటర్ బండ్లల్ల చాలావాటికి ఈ సెన్సారే లేదు. పడ్డా ఇంజిన్ నడుస్తది. చావి బంద్, పెట్రోల్ కాక్ బంద్.

పడ్డ బండి దగ్గర బీడీ ముట్టియ్యొద్దు. లైటర్ వెలుగుల పెట్రోలు కారుతుందా చూడొద్దు, ఫోను లైటు ఉంది.

లేపెటానికి నలుగురొస్తే మొదలు వచ్చినోడు చావి బంద్ చెయ్యాలె.

ట్రాలీల వేస్తే పండబెట్టొద్దు, నిలబెట్టి రెండు దిక్కుల తాళ్లు కట్టుండ్రి. చావి బండికి ఉంచొద్దు, జేబుల పెట్టుకోండ్రి.