జాకెట్టు రేటు పెరిగినప్పుడల్లా ఆ పెరిగింది పక్కన పెట్టండి

మాది తెనాలి. ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషన్. ఫాల్, పికోతో మొదలుపెట్టి, ఇప్పుడు లైనింగ్ జాకెట్లు, ప్రిన్సెస్ కట్, పట్టు లంగాలు దాకా వచ్చాను. సాయానికి ఇద్దరు అమ్మాయిలు వస్తారు. పిల్లల ఫీజులకు గానీ, మా అమ్మ మందులకు గానీ ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. "ఎలా చేశారక్కా?" అని కొత్తగా మిషన్ కొన్న అమ్మాయిలు అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఏడాదికి ఒక్క పని కొత్తగా, గట్టిగా నేర్చుకోండి. దాని వల్ల పెరిగిన ఆదాయాన్ని ఇంటి ఖర్చుల్లో కలవనివ్వకండి. ఈ రెండూ కలిసి జరగాలి. పని నేర్చుకుని డబ్బు దాచకపోతే చాకిరీ పెరుగుతుంది, అంతే. డబ్బు దాచుతూ పని నేర్చుకోకపోతే దాచడానికే ఏమీ మిగలదు.

ముందు గంటకు మీకు ఎంత వస్తోందో లెక్క కట్టండి. ఒక నోట్‌బుక్ పెట్టి, ప్రతి జాకెట్టుకూ ఎన్ని గంటలు పట్టిందో రాయండి. కటింగ్, కుట్టు, హుక్స్, హెమ్మింగ్, చివర్లో ఇస్త్రీ, అన్నీ కలపాలి. ఉదాహరణకు లైనింగ్ జాకెట్టుకు 300 రూపాయలు తీసుకుంటున్నారనుకోండి. లైనింగ్ గుడ్డ, దారం, హుక్స్‌కు 60 పోతే చేతికి వచ్చేది 240. మూడు గంటలు పడితే గంటకు 80. ఆ జాకెట్టే ఆల్టరేషన్‌కు తిరిగొచ్చి ఇంకో ముప్పావు గంట తింటే గంటకు 64 రూపాయలే. ఆల్టరేషన్‌కు డబ్బులు అడగలేం కదా.

నేర్చుకోవాల్సిన మొదటి పని ఏమిటో ఈ లెక్కే చెబుతుంది. చాలామంది మగ్గం వర్క్ వైపు పరుగెత్తుతారు. మూడు వేల రూపాయల డిజైన్ అంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది. కానీ లెక్క వేయండి. పూసలకు, జరీకి 600 పోయి, మూడు రోజులు ఎనిమిదేసి గంటలు కూర్చుంటే గంటకు వచ్చేది వంద. దానికోసం కళ్లు, నడుము రెండూ అరగదీసుకోవాలి. అదే ఆల్టరేషన్లు రాకుండా కుట్టగలిగితే, రేటు ఒక్క రూపాయి పెంచకపోయినా గంట ఆదాయం పెరుగుతుంది. అందుకే నా మాట వింటే, మగ్గం కంటే ముందు ఫిటింగ్ నేర్చుకోండి.

ఫిటింగ్ దగ్గర కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మన పేరు నిలబడేది అక్కడే. కొలతకని కస్టమర్ ఇచ్చే ఆది జాకెట్టు ఒక్కటే నమ్ముకోకండి. అది ఎన్నో ఉతుకులకు సాగిపోయి ఉంటుంది, మనిషి ఒళ్లు కూడా అప్పటిలా ఉండదు. టేపు పట్టుకుని కొలవండి: భుజం, అప్పర్ చెస్ట్, నిండు చెస్ట్, నడుము, చంక చుట్టుకొలత, భుజం నుంచి డాట్ పాయింట్ (ఛాతీ దగ్గర మడత కుట్టు ముగిసే చోటు) వరకు పొడవు. ఈ చివరి కొలత చాలామంది వదిలేస్తారు. డాట్ అరంగుళం పైకో కిందికో పోతే ఎంత మంచి గుడ్డైనా ఒంటి మీద అందంగా కూర్చోదు. చంక దగ్గర ముందు భాగం వంపు వెనక భాగం కంటే లోతుగా ఉండాలి. రెండూ ఒకేలా కత్తిరిస్తే చెయ్యి ముందుకు చాపగానే ముడతలు పడతాయి. కాటన్ లైనింగ్‌ను నీళ్లలో తడిపి ఆరబెట్టాకే కటింగ్ చేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైగుడ్డను లాగేస్తుంది. పక్క కుట్ల దగ్గర అంగుళంన్నర గుడ్డ లోపల వదలండి. రెండేళ్లకు ఒళ్లు చేసినా అదే జాకెట్టు విప్పి వాడుకోవచ్చు, అలా చేసిన టైలర్‌ను ఎవరూ మర్చిపోరు. ముందు పాత న్యూస్‌పేపర్ మీద డ్రాఫ్టింగ్, అంటే కొలతల ప్రకారం నమూనా, గీయండి. తర్వాత పాత చీర ముక్కల మీద కుట్టండి. కస్టమర్ పట్టు గుడ్డ మీద ప్రాక్టీస్ పనికిరాదు.

ఎప్పుడు నేర్చుకోవాలంటే పుష్యమాసంలో, మూఢంలో. పెళ్లిళ్లు లేక చేతి నిండా పని ఉండని రోజులవి. ఆషాఢం మొదటి సగం కూడా ఖాళీగానే ఉంటుంది. తర్వాత డిస్కౌంట్లలో కొన్న చీరలన్నీ శ్రావణానికి కుట్టమని వచ్చిపడతాయి, అప్పుడు అన్నం తినడానికే తీరిక ఉండదు.

ఎక్కడ నేర్చుకోవాలంటే, జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. అక్కడ టైలరింగ్ ఉచితంగా నేర్పుతారు, భోజనం, వసతి కూడా ఉంటాయి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులుంటే, వాటిలో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 వరకు, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. యూట్యూబ్ వీడియోలు తప్పు కాదు, కానీ మీరు కుట్టింది చూసి "ఇక్కడ తప్పు" అని చూపించే మనిషి ఒకరు కావాలి. మీకంటే పని తెలిసిన టైలర్ దగ్గర రోజుకు రెండు గంటలు హెల్పర్‌గా కూర్చోగలిగితే అంతకు మించిన బడి లేదు.

ఆల్టరేషన్లు తగ్గాక రేటు పెంచండి, భయపడకండి. కొత్త కస్టమర్లకు ముందు కొత్త రేటు చెప్పండి, పాతవాళ్లకు సంక్రాంతి తర్వాత చెప్పండి. నలుగురిలో ఒకరు మానేసినా మీకు నష్టం లేదు, ఆ టైంలో ఇంకో మంచి పని పడుతుంది.

ఇక అసలు విషయం. 300 కాస్తా 400 అయింది, నెలకు 30 జాకెట్లు కుడుతున్నారంటే తేడా 3,000. ఇల్లు ఇంతకుముందు పాత రేటుతో నడిచింది కదా, ఇప్పుడూ నడుస్తుంది. ఆ మూడు వేలను పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ)లో నెలనెలా వేస్తే అయిదేళ్లకు అసలే 1,80,000, వడ్డీ అదనం. నెలకు వంద రూపాయలతో కూడా ఆర్డీ మొదలుపెట్టవచ్చు. ఖాతా మీ పేరు మీదే ఉండాలి. ఇంట్లో వాళ్ల మీద అనుమానంతో అనడం లేదు, కష్టం మీది కాబట్టి పుస్తకం మీద పేరు కూడా మీదే ఉండాలి.

మొదటి ఏడాది తేడా డబ్బును మాత్రం సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా ఇంకెక్కడా పెట్టకండి. మూఢం వచ్చినా, చెయ్యి విరిగినా ఆ డబ్బే ఆదుకుంటుంది. తర్వాత ఆర్డీ. ఆ తర్వాత ముసలితనం కోసం పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్). దానికి 15 ఏళ్ల గడువు, ఏడాదికి కనీసం 500 కట్టాలి. డ్వాక్రా అప్పు తీసుకుంటే వేగంగా కుట్టే జూకీ మిషన్‌కో, గుడ్డ అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌కో తీసుకోండి, ఇంటి ఫంక్షన్‌కు వద్దు. మిషన్ తన వాయిదా తాను కట్టుకుంటుంది.

బీమా కూడా మర్చిపోవద్దు. బ్యాంకులో ప్రమాద బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతి అనే జీవిత బీమాకు 436. రెండింటిలోనూ రెండేసి లక్షల బీమా. వయసు 50 లోపు ఉంటేనే జీవన జ్యోతిలో చేరనిస్తారు, అందుకే వాయిదా వేయకండి. డబ్బు మే నెలాఖరులో ఖాతా నుంచి దానంతటదే కట్ అవుతుంది. ఆ వారం ఖాతాలో కనీసం 456 ఉందో లేదో చూసుకోండి.