పెద్ద ఇంటి పద్దు – 4వ పాఠం: ఎప్పుడో వచ్చే ఖర్చుకు నెలనెలా డబ్బా

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఏడాది వెనక్కి వెళ్లి, ప్రతి నెలా ఉండే ఖర్చులు పక్కనపెట్టి, ఎప్పుడో ఒకసారి చేతిలోంచి పెద్దగా పోయిన డబ్బంతా ఒక కాగితం మీద రాయమన్నాను. రాసినవాళ్లకు ఒక తమాషా కనిపించి ఉంటుంది. ప్రతి పద్దు దగ్గరా మనసు ఒక సంజాయిషీ చెబుతుంది. "ఇది ఈ ఏడు అలా కలిసొచ్చింది గానీ, మళ్లీ రాదులే" అని. పన్ను పీకించుకోవడం మళ్లీ రాదు, పైపు పగలడం మళ్లీ రాదు, దూరపు చుట్టాలింట్లో పెళ్లి మళ్లీ రాదు. నిజమే, అదే పైపు మళ్లీ పగలదు. పక్క పైపు పగులుతుంది.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. అబిగెయిల్ సస్మన్, ఆడమ్ ఆల్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో దీని మీదే ఒక పరిశోధన ప్రచురించారు. అరుదైన ఖర్చును మనుషులు దేనికదే విడిగా, ఒక్కసారికి వచ్చినదిగా చూస్తారు. అందుకే అలాంటివన్నీ కలిపి ఎంతవుతాయో తక్కువగా ఊహిస్తారు, తీరా వచ్చినప్పుడు "ఒక్కసారేగా" అని ఎక్కువ ఖర్చు పెట్టేస్తారు. మీ కాగితం చివర మొత్తం కూడి చూడండి. కూడకముందు మీరు అనుకున్న అంకెతో పోల్చండి. దాదాపు అందరికీ ఇక్కడే గొంతులో వెలక్కాయ పడుతుంది.

ఇక పెద్ద కుటుంబానికే ప్రత్యేకమైన సంగతి. ఒక మనిషికి ఏ నెలలోనైనా అనుకోని ఖర్చు తగిలే అవకాశం నూటికి 5 అనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న అంకె, మీ ఇంట్లో వేరుగా ఉండొచ్చు. ఒంటరి మనిషికి ఏడాదంతా ఏమీ తగలకుండా గడిచే అవకాశం నూటికి 54. అంటే సగానికి పైగా ఏళ్లు అతనికి హాయిగా వెళ్లిపోతాయి. అదే తొమ్మిది మంది ఉన్న ఇంట్లో? ఎవరో ఒకరికి ఏదో ఒకటి తగిలే అవకాశం ఒక్క నెలలోనే నూటికి 37. మూడు నెలలు తీసుకుంటే నూటికి 75. ఏడాదికి సగటున ఐదారు సార్లు వస్తుంది. అలాంటప్పుడు దాన్ని అనుకోని ఖర్చు అనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. వస్తుందని తెలుసు, సుమారుగా ఎన్నిసార్లో కూడా తెలుసు. ఎవరి పేరు మీద, ఏ తేదీన వస్తుందన్నదే తెలియదు.

కాబట్టి పెద్ద ఇంటికి ఒక సుఖం కూడా ఉంది. చిన్న ఇంట్లో ఈ ఖర్చు ఒక ఏడు సున్నా, ఇంకో ఏడు కొండంత. పెద్ద ఇంట్లో ఏటికేడు కాస్త ఒకేలా ఉంటుంది, లెక్కకు దొరుకుతుంది. దొరికినదాన్ని పట్టుకోవడమే ఈ పాఠం.

*పన్నెండుతో భాగిస్తే సరిపోతుందా?*

ముందు తేదీ తెలిసిన ఖర్చులు చూద్దాం. పద్ధతి అందరికీ తెలిసిందే. ఏడాది మొత్తాన్ని 12తో భాగించి, ఆ ముక్కను ప్రతి నెలా విడిగా ఒక డబ్బాలో వేయడం. డబ్బా అంటే రేకు డబ్బాయే కానక్కర్లేదు, విడి బ్యాంకు ఖాతా అయితే ఇంకా మంచిది. కానీ ఈ పద్ధతి మొదలుపెట్టిన ఇళ్లలో చాలా భాగం మూడో నాలుగో నెలలో "ఇది మాకు కుదరదు" అని వదిలేస్తాయి. తప్పు వాళ్లది కాదు, సగం చెప్పి వదిలేసిన పాఠానిది. మిగతా సగం ఇదిగో.

ఇంటికి నెలకు వచ్చే డబ్బు ఎంతైనా కానీ, దాన్ని 100 పాళ్లు అనుకుందాం. మనం తీసుకున్న తొమ్మిది మంది ఇంటికి రాబోయే పన్నెండు నెలల్లో తేదీ తెలిసిన విడి ఖర్చులు ఇవి: రెండో నెలలో బండి బీమా 12, మూడో నెలలో పిల్లల ఫీజులు 32, ఆరో నెలలో ఇంటి పన్ను 10, ఏడో నెలలో అందరికీ బట్టలు 24, ఎనిమిదో నెలలో ఇంటి మరమ్మతు 14, తొమ్మిదో నెలలో ఫీజుల రెండో విడత 32, పదకొండో నెలలో ప్రయాణం 20. మొత్తం 144. నెలకు 12.

ఇప్పుడు ఖాళీ డబ్బాతో మొదలుపెట్టి, నెలకు 12 వేస్తూ, ఖర్చు వచ్చినప్పుడు తీస్తూ వెళ్దాం. పెన్సిల్ తీసుకోండి, ఇది చదివితే రాదు.

1వ నెల: 12 మిగిలింది.
2వ నెల: 24లో బీమా 12 పోయి, 12.
3వ నెల: 24 ఉంది, ఫీజు 32. లోటు 8.
4వ నెల: 4.
5వ నెల: 16.
6వ నెల: 28లో పన్ను 10 పోయి, 18.
7వ నెల: 30లో బట్టలకు 24 పోయి, 6.
8వ నెల: 18లో మరమ్మతుకు 14 పోయి, 4.
9వ నెల: 16 ఉంది, ఫీజు 32. లోటు 16.
10వ నెల: లోటు 4కు దిగింది.
11వ నెల: 8 ఉంది, ప్రయాణం 20. లోటు 12.
12వ నెల: సున్నా.

ఏడాది చివర లెక్క సరిగ్గా సున్నాకు వచ్చింది. కాగితం మీద తప్పు లేదు. కానీ మధ్యలో డబ్బా మూడుసార్లు అప్పులోకి వెళ్లింది. మూడో నెలలో 8 ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి "హమ్మయ్య, గట్టెక్కాం" అనుకున్న ఇల్లు, అసలు దెబ్బ తొమ్మిదో నెలలో ఉందని చూడదు.

అందుకే ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన అంకె 12 కాదు, 16. పన్నెండు నెలల్లో లోటు ఎక్కడ అన్నిటికన్నా లోతుకు దిగిందో చూడండి. ఆ అంకె ఎంతో, డబ్బా మొదటి రోజున అంత డబ్బుతో మొదలవ్వాలి. 16 వేసి మొదలుపెట్టి పై లెక్క మళ్లీ చేయండి. తొమ్మిదో నెలలో సరిగ్గా సున్నాకు తాకి పైకి లేస్తుంది. ఏడాది చివర మళ్లీ 16 మిగులుతుంది, వచ్చే ఏటికి మొదటి పెట్టుబడి అదే. ఒక్కసారి పోగేస్తే చాలు, ఏటేటా అక్కర్లేదు.

ఆ 16 చేతిలో లేకపోతే? దారులు రెండు. మొదటిది, మొదట్లో కాస్త ఎక్కువ వేయడం. మొదటి మూడు నెలలు 15 చొప్పున వేస్తే ఫీజు కట్టాక 1 మిగులుతుంది. తర్వాత ఆరు నెలలు 13 కన్నా కొద్దిగా ఎక్కువ వేస్తే తొమ్మిదో నెల గండం గడుస్తుంది. ఆ పైన 12కు దిగొచ్చు. ఎనిమిది మంది నోళ్లు నొక్కి నెలకు ఇంకో 3 మిగల్చడం తేలికని నేను అనను, కానీ అది మూడు నెలల బాధ.

రెండోది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇందులో డబ్బు అక్కర్లేదు, నోరు చాలు. తేదీలు జరపడం. తొమ్మిదో నెల ఫీజులో సగం, అంటే 16, పన్నెండో నెలలో కడతామని అడిగి ఒప్పించారనుకోండి. తొమ్మిదో నెల సున్నా దగ్గర ఆగుతుంది, పదకొండో నెలలో 4 ఉంటుంది, పన్నెండో నెలలో మళ్లీ సున్నా. లోతు 16 నుంచి 8కి పడిపోయింది! నెలనెలా వేసేది ఒక్క పైసా మారలేదు. విడతలుగా కడితే అదనంగా ఏమైనా తీసుకుంటారేమో మాత్రం ముందే అడగండి. బీమా లాంటి వాటికి నెలవారీ కడితే మొత్తం ఎక్కువయ్యే సందర్భాలున్నాయి.

వారం జీతం వచ్చే ఇంటికి ఒక చిన్న వరం. నెలకు నాలుగు వారాల జీతంతోనే ఇల్లు నడిపితే, ఏడాదికి వాడేది 48 వారాలు. ఉన్నవి 52. మిగిలిన నాలుగు వారాల జీతాన్ని తెచ్చినట్టే డబ్బాలో వేయండి. రెండు వారాలకోసారి జీతమైతే అలాంటి జీతాలు ఏడాదికి రెండు దొరుకుతాయి.

*సామాన్ల వయసు*

ఫ్రిజ్, బట్టలు ఉతికే మెషీన్ లాంటివి పన్నెండు నెలల కాగితంలో కనబడవు. వీటి దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పదేళ్లు నడిచే సామాను కదా అని కొత్తదాని వెలను 120 నెలలతో భాగిస్తారు. మీ సామానుకు ఇప్పటికే ఏడేళ్లు నిండి ఉంటే మీ చేతిలో ఉన్నవి 36 నెలలు. భాగించాల్సింది 36తో. నెలకు వేయాల్సింది మూడింతలకు పైగా పెరుగుతుంది. పైగా తొమ్మిది మంది బట్టలు ఉతికే మెషీన్ ముగ్గురి బట్టలు ఉతికే మెషీన్ లాగా పదేళ్లు లాగదు. దానికి ఓ రెండేళ్లు తగ్గించి రాసుకోండి.

*పేరు తెలియని ఖర్చు*

తేదీ తెలియని వాటికి రెండో డబ్బా పెట్టండి. మొదటిదాంతో కలపొద్దు. కలిపితే ఫీజు కోసం దాచింది పంటి నొప్పికి పోతుంది, ఫీజు నాడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. దీనికి ఎంత వేయాలి? మీ కాగితంలోని అలాంటి పద్దులన్నీ కూడి 12తో భాగించండి. రెండు మూడేళ్లవి దొరికితే ఇంకా నికరంగా తేలుతుంది. ఆ మీద కొంచెం కలపండి, ఎందుకంటే మరిచిపోయినవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. నావైతే ప్రతిసారీ కళ్లజోళ్లు.

ఇది ఉద్యోగం పోయినప్పుడు ఇల్లు నడిపే నిల్వ కాదని గుర్తుంచుకోండి. దాని సంగతి వేరే పాఠంలో.

*తాళం ఎవరి దగ్గర?*

పెద్ద ఇంట్లో లెక్క కన్నా కష్టమైంది ఇదే. మా ఇంట్లో ఒక ఏడు బండి బీమా నేనొకసారి, మా తోడికోడలు ఒకసారి కట్టాం. అదే ఏడు ఇంటి పన్ను ఎవ్వరం కట్టలేదు. ఎవరికి వారు ఇంకొకరు కట్టి ఉంటారనుకున్నాం. రెండోసారి కట్టిన బీమా డబ్బు వెనక్కి రాబట్టడానికి తిరిగిన తిరుగుళ్లు, పన్నుకు పడ్డ జరిమానా, ఆ పైన మా అత్తగారు ఒక్క మాట అనకుండా ఇద్దరి వంకా చూసిన చూపు, మూడూ గుర్తున్నాయి. ఆ రోజు నుంచి వంటింటి తలుపు వెనక ఒక కాగితం అంటించాం. ఖర్చు, నెల, కట్టాల్సిన మనిషి పేరు. కట్టినవాళ్లు పెన్నుతో కొట్టేసి తేదీ వేయాలి. "మనం కట్టాలి" అన్న మాట ఆ కాగితం మీద నిషేధం. "మనం" అంటే ఎవ్వరూ కాదు.

డబ్బా ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. నమ్మకం లేక కాదు. ఇద్దరి అంకెలూ నెలకోసారి కలిస్తే ఎవరి మీదా మాట పడదు.

డబ్బాలోంచి అప్పు తీసుకోవచ్చా అని తప్పక అడుగుతారు. తీసుకోండి, కానీ తీసిన చోట చీటీ పెట్టండి: ఎంత, ఎందుకు, ఏ నెలలో తిరిగి వేస్తారు. చీటీ లేకుండా తీసే చెయ్యి పెద్దలదైనా ఒప్పుకోవద్దు. దేశాలే ఈ పరీక్షలో తప్పాయి. అప్పు తీర్చడానికని బ్రిటన్ 1717లో ఇలాంటి నిధి ఒకటి పెట్టింది. సింకింగ్ ఫండ్ అన్నారు. దాని వెనక ఆలోచన ఆ దేశపు నాయకుడు రాబర్ట్ వాల్‌పోల్‌ది. 1733లో భూమి పన్ను పెంచకుండా బండి లాగడానికి ఆ నిధిలో చెయ్యి పెట్టిందీ ఆ వాల్‌పోలే. డబ్బా కట్టినవాళ్లకే దాని మూత ఎంత సులువుగా వస్తుందో బాగా తెలుసు.

*ఈ వారం పని*

పైన మనం చేసిన లెక్కలో నాలుగో నెలకు ఇంకో ఖర్చు చేర్చండి, 18 పాళ్లు. నెలకు ఎంత వేయాలో, డబ్బా ఏ నెలలో ఎంత లోతుకు వెళ్తుందో తేల్చండి. నెలకు 13.5, తొమ్మిదో నెలలో లోటు 20.5 రావాలి. నాలుగో నెల దగ్గరే లోటు 8 చూసి ఆగిపోతే, మిగతా ఎనిమిది నెలలు కూడా పెన్సిల్‌తో చేయండి. తర్వాత మీ ఇంటి కాగితం తీసుకుని ఇదే లెక్క వేసి, ఏ తేదీ జరిపితే లోతు ఎక్కువ తగ్గుతుందో గుర్తు పెట్టండి. 5వ పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడతాం, ఈసారి రాబడి కూడా ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండని ఇంటికి.