కన్‌స్ట్రక్షన్ సైటులో లాప్‌టాప్ వాడాలంటే ఎలా?

మామూలు లాప్‌టాప్‌లు చాలావరకు 35 డిగ్రీల వేడి వరకే వాడుకోవడానికి తయారవుతాయి. మే నెలలో నల్గొండ, మహబూబ్‌నగర్ ఎండ 44 డిగ్రీల దాకా పోతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఉడుకు. అందుకే ముందు జాగ చూసుకోండి. రేకుల మీద షేడ్ నెట్ కట్టించి, మిక్సర్ దుమ్ము కొట్టని వైపు టేబుల్ వేయండి. లాప్‌టాప్ వెనకవైపు కింద రెండు టైల్ ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి, బ్యాటరీ ఉబ్బుతుంది.

ఎండకంటే మొండిది సిమెంటు దుమ్ము. తడి తగిలితే గట్టిపడుతుంది కాబట్టి తడిగుడ్డతో అస్సలు తుడవద్దు. మెషీన్ ఆపేసి, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో కీబోర్డు, గాలి రంధ్రాలు దులపండి. టైల్స్ కోసేటప్పుడు మూత వేసి బ్యాగులో పెట్టేయడమే మేలు.

తర్వాత కరెంటు. వెల్డింగ్ మిషన్ నడిచే లైనులోనే ఛార్జర్ పెట్టకండి, వోల్టేజీ ఎగిరిపడుతుంది. రాత్రి రూములోనే ఛార్జింగ్ నింపుకుని రండి. పగలు తప్పదంటే మధ్యలో చిన్న యూపీఎస్ ఉండాలి.

స్లాబ్ మీదికి లాప్‌టాప్ మోయొద్దు. చాలా తెరల వెలుగు 250, 300 నిట్లే (నిట్ అంటే తెర వెలుగు కొలత), ఎండలో గీత కనిపించదు. డ్రాయింగులు పీడీఎఫ్ చేసి ఫోన్లోకి ముందే దించుకోండి, సిగ్నల్ లేకున్నా తెరుచుకుంటాయి. ఫైలు పేరులో రివిజన్ నంబరు తప్పక రాయండి. పాత డ్రాయింగు చూసి మేస్త్రీ కాలమ్ కట్టేస్తే పగలగొట్టాల్సింది మీరే. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల లాంటి పెద్ద పనుల్లో రోజంతా బయటే తిరిగేవాళ్లకైతే ఐపీ65 టాబ్ పెట్టుబడి దండగ కాదు. అందులో 6 అంటే దుమ్ము చొరబడదని, 5 అంటే నీటి ధారకు తట్టుకుంటుందని.

ఇక అసలు లాభం సలాకల లెక్కలో ఉంది. ఎక్సెల్‌లో ఒక గడిలో సలాక మందం మిల్లీమీటర్లలో వేసి, దాన్ని దానితోనే గుణించి 162తో భాగించండి. మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎంకు 0.889 కిలో, అంటే 12 మీటర్ల సలాక దాదాపు 10.67 కిలోలు. లారీ వచ్చినప్పుడు సలాకలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఒక్కో సలాక బరువుతో గుణించి, వేబిల్లులో రాసిన బరువుతో పోల్చండి. కొద్దిపాటి తేడా మామూలే, ఎక్కువ కనిపిస్తే దించుకునే ముందే అడగండి.

సాయంత్రం దిగేముందు ఆ రోజు కొలతల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ వేసి, పెన్‌డ్రైవ్‌ను వేరే జేబులో పెట్టుకోండి.