శ్రీశైలం వెనుక జలాల్లో పడవ తీసే ముందు జాగ్రత్తలు

ఓడరేవుల్లో డ్రెడ్జర్లు పూడిక తోడతాయి, నీటిమీద తేలే గుర్తులైన బోయాలు దారి చూపుతాయి. మన ఉమ్మడి కర్నూలు జిల్లా సంగమేశ్వరం దగ్గర కృష్ణమ్మ మీద దారి వెతుక్కోవాల్సింది చాలావరకు పడవ నడిపేవారే.

• ముందు ఆ రోజు జలాశయం మట్టం కనుక్కోండి. నిండుమట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు తగ్గి, మునిగి ఉన్న సంగమేశ్వరుడి గుడి శిఖరం బయటపడే రోజుల్లో నిన్నటి దారిని నమ్మకండి. పైకి కనిపించే బండ కన్నా జానెడు నీళ్ల కింద దాగిన పాత గోడ, చెట్టు మొద్దు ఎక్కువ ప్రమాదం.

• గడకు అడుగుకో రంగు గీత వేయండి. అందరూ ఎక్కాకే పడవ ఎంత మునిగిందో కొలవండి. ఖాళీ పడవ కొలత పనికిరాదు. గడ మెత్తగా దిగబడితే ఒండ్రు, టక్కుమంటే రాయి. ఒండ్రులో ఇరుక్కుంటే దయచేసి ఇంజన్ వేగం పెంచకండి. ప్రొపెల్లర్ బురదను తవ్వుతుంది, ఇంజన్‌ను చల్లబరిచే నీటితో పాటు ఆ బురదా లోపలికి పోతుంది. ఇంజన్ ఆపి, ప్రొపెల్లర్ పైకెత్తి, గడతో వచ్చిన దారినే వెనక్కి నెట్టండి.

• వలల బెండ్లు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి.

• లైఫ్ జాకెట్లు అందరికీ, పిల్లలకు వాళ్ల కొలతవే. అవి తొడిగాకే తాడు విప్పాలి. ఈ మాటలో బేరం లేదు.

• గాలి లేస్తే, పొద్దు గూకితే ప్రయాణం మానుకోండి.

• వానాకాలంలో ఎగువనున్న జూరాల, సుంకేశుల ఆనకట్టల గేట్ల కబురు తెలుసుకోండి. వరదతో మొద్దులు కొట్టుకొస్తాయి, మేటలు చోటు మారతాయి. దారి మళ్లీ గడతో కొలవాల్సిందే.