ఊరు మారాలా, ఉద్యోగం మారాలా? 3వ పాఠం: జీతంలో కనపడని జీతం

పోయిన పాఠంలో నియామక పత్రం బయటికి తీసి, ఎక్కడికైనా బదిలీ చేయొచ్చన్న షరతు ఉందో లేదో వెతికాం. ఉన్నా లేకపోయినా ఈసారి వేయబోయే లెక్క ఒకటే: సంస్థ రమ్మన్న ఊరు వెళ్తే చేతిలో ఎంత మిగులుతుంది, ఇక్కడే ఇంకో ఉద్యోగం చూసుకుంటే ఎంత మిగులుతుంది. పాత నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. ఫోనులో వద్దు. ఇంట్లో అందరి కంటా పడేచోట కాగితం మీద ఉండాలి.

మన గోదావరి డెల్టాలో ఈ లెక్క ఎక్కడ తప్పుతుందంటే, జీతం పక్కన జీతం పెట్టి చూసే దగ్గర. "హైదరాబాద్‌లో అరవై వేలండి, భీమవరంలో ముప్పై రెండండి" అంటే అరుగు మీద కూర్చున్నవాళ్లెవరైనా "ఇంకా ఆలోచనేంటండీ!" అనేస్తారు.

పాలకొల్లు పక్క పల్లెలో సొంతింట్లో ఉంటూ ఇంటి నుంచే పనిచేస్తున్న ఒకాయన్ని అనుకుందాం. సంస్థ హైదరాబాద్ వచ్చేయమంది, లేదంటే మానేయమంది. భీమవరంలో 32,000 ఉద్యోగం చేతిలో ఉంది. ఈ అంకెలు నేర్చుకోవడానికి నేను వేసినవి. మీవి మీరు వేసుకోండి.

హైదరాబాద్ పేజీలో 60,000. అద్దె, మెయింటెనెన్సు 19,000. ఇక్కడ కొనక్కర్లేని బియ్యం, కొబ్బరికాయ, పాలు, కూరలు అక్కడ కొనాలి కాబట్టి 5,000. పిల్లల ఫీజులో, బస్సులో తేడా 6,000. సంక్రాంతి, రెండు పెళ్లిళ్లు, నాన్నగారికి ఒంట్లో బాగోలేదన్న ఫోను, వీటి ప్రయాణాలన్నీ కలిపి పన్నెండుతో భాగిస్తే 3,000. మిగిలింది 27,000. భీమవరం పేజీలో బండి పెట్రోలుకు 3,000 పోను 29,000.

తోటో చెరువో ఉంటే ఇంకో వరుస రాయాలి. కొబ్బరి దింపు రోజున కాయలు లెక్కపెట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే వచ్చే సొమ్ము వేరు, ఫోనులో అడిగితే వచ్చే సొమ్ము వేరు. రొయ్యల చెరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి కరెంటు పోయి నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు ఖాళీ.

అలాగని ఉండిపొమ్మని కాదు. మూడేళ్ల తర్వాత ఆ 60,000 ఎంతవుతుందో, ఈ 32,000 ఎంతవుతుందో కింద రాయండి. చాలా పనుల్లో ఇక్కడి జీతాలది నత్తనడకే. ఇంట్లో ఇంకొకరికి అక్కడ పని దొరికితే మొత్తం లెక్క తిరగబడుతుంది.

ఇక తేదీలు. ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ముకు మామూలుగా అయిదేళ్ల సర్వీసు నిండాలి. మూలవేతనం 30,000 ఉన్నవాళ్లకు అయిదేళ్లకు వచ్చేది 86,500 పైచిలుకు. నాలుగేళ్ల మూడు నెలల దగ్గర కోపంగా రాజీనామా ఇస్తే అది పోయినట్టే. అయిదేళ్లు నిండేదాకా మిగిలిన ఆ తొమ్మిది నెలలు అక్కడ ఒక్కరే హాస్టల్లో ఉండి రావడం కూడా ఒక దారి, దానికీ ఒక పేజీ ఇవ్వండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు లేదు. పత్రంలో ఆ భత్యం పెంచి చూపిస్తే మురిసిపోకండి.

అందరికీ ఆలస్యంగా గుర్తొచ్చేది పిల్లల లోకల్ హోదా, అంటే కాలేజీ సీట్ల దగ్గర ఏ ప్రాంతం వాళ్లుగా లెక్కేస్తారన్నది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ వస్తున్న పద్ధతిలో, వృత్తివిద్యా సీట్లకు ప్రధాన కొలమానం అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది. ఇంటర్ నుంచి వెనక్కి లెక్కేస్తే అది తొమ్మిదో తరగతి. కాబట్టి ఎనిమిది చదివే పిల్లని ఈ వేసవిలో తీసుకెళ్లడానికీ, పదిలో ఉండగా తీసుకెళ్లడానికీ చాలా తేడా. మినహాయింపులు ఉన్నాయి, ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిది. సామాను సర్దకముందే రెండు రాష్ట్రాల తాజా ప్రవేశ ప్రకటనలూ చదవండి. నా మటుకు నేను జీతం కంటే ముందు ఇదే చూస్తాను.

ఈ వారం పని: మీ పేజీలు పూర్తిచేయండి. గోదారి మధ్య లంక గ్రామాల వాళ్లు అదనంగా ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే అమ్మానాన్నల్ని పడవెక్కించేది ఎవరు? మనిషి పేరు రాయండి. "ఎవరో ఒకరు చూస్తారు" అని రాస్తే ఆ వరుస ఖాళీ కిందే లెక్క. ఖాళీలకు సున్నా చుట్టి ఉంచండి. సంస్థను గడువు అడుగుతూ రాసే ఉత్తరం వచ్చే పాఠంలో అక్కణ్ణుంచే మొదలుపెడదాం.