అనాస తొక్కలతో వెనిగర్

వానలు పడగానే పర్లాకిమిడి బజారుకి కొండల మీంచి అనాస పండ్లు దిగుతాయి. అందరూ పండు తిని తొక్క పారేస్తారు. నేను ఆ తొక్కలతోనే ఏడాదికి సరిపడా వెనిగర్ వేసుకుంటాను.

కోసేముందు పండుని మామూలు నీళ్లతో కడగండి. సబ్బు, వేడినీళ్లు వద్దు, తొక్కకి అంటుకున్న ఈస్టుతోనే మనకి పని. ఒక పండు తొక్కలకి లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, వంద గ్రాముల బెల్లం. గాజు సీసా గానీ ఊరగాయ జాడీ గానీ తీసుకోండి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు వద్దే వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. మూతికి పలచటి నూలు గుడ్డ కట్టి నీడలో పెట్టి, రోజూ తొక్కలు మునిగేలా కలపండి.

నాలుగైదు రోజులకి బుడగలు లేచి కల్లు వాసన కొడుతుంది. బెల్లంలోని చక్కెర ఆల్కహాల్ అయిందన్నమాట. (మా ఇంటాయన సీసా చుట్టూ తిరిగేది ఈ వారంలోనే.) అప్పుడు వడకట్టి, మళ్లీ గుడ్డే కట్టండి, బిరడా బిగించకండి. ఇక్కణ్ణుంచి పని చేసేది ఎసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా. ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆమ్లంగా మార్చడానికి దానికి గాలి కావాలి. పైన మీగడలా తెల్లటి పొర కడితే మంచిదే. నల్లగానో పచ్చగానో బూజు పడితే మాత్రం మొత్తం పారబోయండి, పైది తీసేసి వాడుకుందామని ఆశపడొద్దు. నెల, నెలన్నరకి ముక్కు అదిరే పులుపు వస్తుంది.

వెనిగర్ అంటే ముఖ్యంగా నీళ్లు, ఎసిటిక్ ఆమ్లం. కొట్లో అమ్మేదాంట్లో మన దేశపు రూల్ ప్రకారం ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలి. లేబుల్ మీద సింథటిక్ అని ఉంటే అది పులియబెట్టింది కాదు, ఆమ్లాన్ని నీళ్లలో కలిపింది. ఇంట్లో చేసినదాంట్లో ఎంత శాతమో కొలవలేం కాబట్టి నిల్వ పచ్చళ్లకి వాడకండి. ఉల్లిపాయ ముక్కల మీదికి, చేప నానబెట్టడానికి బ్రహ్మాండం.

"పిన్నీ, పరగడుపున తాగితే షుగర్ పోతుందటగా?" అని పక్కింటమ్మాయి అడిగింది. పోదమ్మా. అన్నంతో పాటు తీసుకుంటే భోజనం తర్వాత పెరిగే షుగర్ కాస్త తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనల్లో కనబడింది, అంతే. మాత్రలు మానేయడానికి అది చాలదు. ఇన్సులిన్ గానీ, ఒంట్లో నీరు లాగే మాత్రలు గానీ వాడేవాళ్లకి పొటాషియం పడిపోవచ్చు, డాక్టర్ని అడగందే ముట్టుకోవద్దు. షుగర్ వల్ల తిన్నది ఆలస్యంగా అరిగేవాళ్లకి అది ఇంకా ఆలస్యమవుతుంది.

తాగాలనే ఉంటే ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్లలో. నీళ్లు కలపకుండా మింగితే గొంతు కాలుతుంది, పళ్ల మీది ఎనామిల్ అరుగుతుంది. తాగాక నోరు పుక్కిలించి, పళ్లు తోముకోవడానికి అరగంట ఆగండి.

మరీ పాతబడితే కుళాయిల మీది తెల్లటి ఉప్పు మరకలకి రాయండి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడదు.