శ్యామలన్ సినిమాలు ఎలా చూడాలి?

చివర్లో ట్విస్టులకు పేరుపడ్డ హాలీవుడ్ దర్శకుడు మనోజ్ నైట్ శ్యామలన్ సినిమాలు చూద్దామని కూర్చుని మధ్యలో లేచిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. కొందరు విడుదలైన వరసలో మొదలుపెడతారు, ఏడో సినిమా దగ్గర ఓపిక అయిపోతుంది. కొందరు ముగింపు ముందే తెలుసుకుని వచ్చి "దీనికేనా ఇంత పేరు?" అంటారు. ఇంకొందరు మొదటి సీను నుంచీ ట్విస్ట్ ఎక్కడుందా అని వెతకడంలో పడి అసలు సినిమా చూడరు. ఈ దర్శకుడు తడబడ్డ మాట నిజమే. కానీ చెడగొట్టుకునేది ఎక్కువగా మన చూసే పద్ధతే.

కావలసినవి: చీకటి గది, ఇంగ్లీషు మాటలతో సబ్‌టైటిల్స్, పక్క గదిలో వదిలేసిన ఫోను. ట్రైలర్ చూడొద్దు, వికీపీడియా తెరవొద్దు. రోజుకు ఒక్కటే, అదీ రాత్రి పూటే. పగలు చూస్తే చూడనట్టే లెక్క.

మొదటి మెట్టు: వరస

'ది సిక్స్త్ సెన్స్'తో మొదలుపెట్టండి. 1999 ఆగస్టు 6న, సరిగ్గా ఆయనకు 29 నిండిన రోజున విడుదలైంది. సుమారు 4 కోట్ల డాలర్లతో తీస్తే 67 కోట్లకు పైగా వచ్చాయి, 6 ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. అంతకుముందు తీసిన రెండు సినిమాలూ ఇప్పుడు అక్కర్లేదు.

తరవాత 'అన్‌బ్రేకబుల్' (2000), 'సైన్స్' (2002). ఈ 'సైన్స్' అంటే గుర్తులు, విజ్ఞానశాస్త్రం కాదు. ఆ తరవాత ఏకంగా 2015కు దూకి 'ది విజిట్', దాని వెంటనే 'స్ప్లిట్' చూడాలి. 'అన్‌బ్రేకబుల్' కంటే ముందు 'స్ప్లిట్' మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. దాని ఆఖరి నిమిషంలో ఒక మనిషి కనిపిస్తాడు. పాత సినిమా చూసినవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది, చూడనివాళ్ళకు ఎవరో దారిన పోయేవాడు. పదహారేళ్ళు దాచిపెట్టిన ముడి అది. వరస తప్పి దాన్ని పారేసుకున్నవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో మెట్టు: రెండోసారి చూడటం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. 'ది సిక్స్త్ సెన్స్' ఇంకా చూడనివాళ్ళు ఇక్కడ ఆపేసి, చూసి వచ్చాక మిగతాది చదవండి.

మొదటిసారి చూసిన వారంలోపే రెండోసారి చూడాలి. నెల ఆగితే వివరాలు జారిపోతాయి. మర్నాడే చూస్తే దెబ్బ ఇంకా తగ్గి ఉండదు, ప్రతి సీనూ గొప్పగానే కనిపిస్తుంది. చూస్తున్నప్పుడు "ఇక్కడ దొరికిపోయాడు" అని తప్పులు పట్టడానికి కూర్చోకండి. అది పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ పని. మీరు చూడాల్సింది ఒక్కటే: రహస్యం తెలిశాక ఈ సీనులో ఇంకా ఏమైనా మిగిలిందా?

హోటల్లో పెళ్ళిరోజు సీను తీసుకోండి. భర్త ఆలస్యంగా వచ్చి కూర్చుంటాడు, సంజాయిషీ చెప్పుకుంటాడు. భార్య తలెత్తదు. బిల్లు వస్తే తనే లాక్కుంటుంది. మొదటిసారి అది అలక. రెండోసారి అక్కడ ఉన్నది ఒంటరిగా భోంచేస్తున్న ఆడమనిషి, భర్త పోయిన దుఃఖం. ఒక్క మాట మారలేదు, అర్థమంతా మారిపోయింది. పిల్లాడి ఇంట్లో తల్లీ, డాక్టరూ ఎదురెదురుగా కూర్చుని ఉండే సీను కూడా అంతే. ఇద్దరూ అప్పటిదాకా మాట్లాడుకున్నారని మనమే అనుకుంటాం. సినిమా ఆ మాట ఎక్కడా చెప్పలేదు.

ఇదే పరీక్ష 'ది విలేజ్' (2004)కు పెట్టి చూడండి. రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణం నిలబడుతుంది, చూపులేని అమ్మాయి ప్రేమ నిలబడుతుంది. భయం మాత్రం నిలవదు. అసలు గుట్టు తెలిశాక అడవిలో నడిచే సీన్లలో సగం ఖాళీ అయిపోతాయి. నా లెక్కలో అది సగం మార్కుల సినిమా.

యూట్యూబులో ముగింపును విడమరిచి చెప్పే వీడియోలు చూస్తే ఈ పని తప్పుతుందని కొందరంటారు. తప్పదు. ఆ వీడియోలు ఎర్ర రంగు ఎక్కడెక్కడ వాడారో లెక్కపెట్టి చెబుతాయి. రంగు గుర్తుపట్టడం వేరు, ఆ భార్య దుఃఖం మనకు తగలడం వేరు.

ట్విస్ట్ లేని సీన్ల మీద కూడా ఇదే కన్ను పెట్టండి. 'అన్‌బ్రేకబుల్' మొదట్లో రైల్లో పక్క సీట్లోకి ఒకామె వస్తుంటే బ్రూస్ విల్లిస్ మెల్లగా పెళ్ళి ఉంగరం తీసేస్తాడు. కెమెరా రెండు సీట్ల మధ్య సందులోంచి అటూ ఇటూ ఊగుతూ, కట్ లేకుండా చూస్తుంది. ఆ ఒక్క సీనుతో అతని సంసారం మొత్తం తెలిసిపోతుంది.

మూడో మెట్టు: చేదు భాగం

ఇప్పుడు మిగిలినవి చూడొచ్చు. 'లేడీ ఇన్ ది వాటర్' (2006) కూతుళ్ళకు చెప్పిన నిద్రకథలోంచి పుట్టింది. అందులో లోకాన్ని మార్చే పుస్తకం రాసే రచయితగా తనే నటించాడు, సినిమా విమర్శకుడి పాత్రను చంపించాడు. దాన్ని సమర్థించడం నా వల్ల కాదు. తరవాత 'ది హ్యాపెనింగ్' (2008), 'ది లాస్ట్ ఎయిర్‌బెండర్' (2010), 'ఆఫ్టర్ ఎర్త్' (2013). ఎయిర్‌బెండర్‌కు అయిదు రాజ్జీలు (చెత్త సినిమాలకిచ్చే ఎగతాళి అవార్డులు) వచ్చాయి.

ఇవి చూస్తూ ఒక సంగతి గమనించండి. ట్విస్టుల పిచ్చే ఆయన్ని ముంచిందని అందరూ అంటారు. 2008 నుంచి 2013 దాకా వచ్చిన ఈ మూడింట్లోనూ చెప్పుకోదగ్గ ట్విస్టే లేదు. చివరి రెండూ వేరేవాళ్ళ కథలు, పెద్ద స్టూడియోల డబ్బు. సొంత ఇల్లు తాకట్టు పెట్టి 50 లక్షల డాలర్లతో ఇద్దరు పిల్లలు, ఒక ముసలి జంట, ఒక ఇల్లు పెట్టుకుని 'ది విజిట్' తీశాకే ఆయన మళ్ళీ తేరుకున్నాడు. ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్నంతసేపూ ఆ చెయ్యి తప్పదు.

'గ్లాస్' (2019) ఆఖరున చూడండి. 'అన్‌బ్రేకబుల్', 'స్ప్లిట్' రెండూ మళ్ళీ ఒకసారి చూసి, ఆ వారంలోనే.